సరుకు మనది, దారిలో బాధ్యత ఎవరిది?

అరటి గెల కోశాక దాని ఆయుష్షు గంటల్లో లెక్క. తోటలో కోసి, కడిగి, పెట్టెల్లో సర్ది, 13, 14 డిగ్రీల చల్లదనం ఉన్న కంటైనర్‌లోకి ఎక్కించే దాకా అది రైతు కళ్ల ముందే ఉంటుంది. ఆ తర్వాత తాడిపత్రి నుంచో పులివెందుల నుంచో ముంబయి పక్కనున్న నవాషేవా రేవు వరకు, అక్కడి నుంచి ఓడ మీద గల్ఫ్ దేశాల వరకు దాన్ని ఎవరు మోశారు, ఎక్కడ ఎంతసేపు ఆపారు, ఎక్కడ చల్లదనం తప్పింది అన్నది రైతుకు తెలియదు. తెలిసేది ఒక్కటే. కాయ దారిలో పండిపోతే ఆ నష్టం తిరిగి తిరిగి తోట గట్టుకే వస్తుంది. ఈ కోతలో రాకపోతే వచ్చే కోతలో టన్ను ధర తగ్గి వస్తుంది.

చీనీ రైతుకు ఇదే సూట్ పేరుతో, మిర్చి రైతుకు తరుగు పేరుతో, రొయ్యల రైతుకు కౌంటు ధరలో కోత పేరుతో అనుభవమే. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే. దారిలో జరిగిన ప్రతి ఆలస్యం, ప్రతి పొరపాటు ఒకరి మీద నుంచి ఒకరి మీదకు జారుకుంటూ చివరి మనిషి మీద పడుతుంది. ఆ చివరి మనిషి రైతు. అతని కింద జారడానికి ఇంకెవరూ లేరు.

గిట్టుబాటు ధర కోసం మన సంఘం ఏళ్లుగా పోరాడుతోంది, పోరాడుతూనే ఉంటుంది. అయితే ధర నిలబడాలంటే దారి కూడా నిలబడాలి. అందుకే ఈ నెల ధర గురించి కాక దారి గురించి, ఆ దారిని నడిపే ఫార్వర్డింగ్ వ్యాపారం గురించి మాట్లాడుకుందాం.

ఫార్వర్డింగ్ ఏజెంటు అంటే ఎవరు? అతనికి ఓడ ఉండదు. చాలాసార్లు లారీ కూడా సొంతం కాదు. లారీ మాట్లాడేది, రైల్లోనో ఓడలోనో చోటు పట్టేది, కస్టమ్స్ కాగితాలు నడిపేది, తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం అందిందో లేదో చూసుకునేది, బీమా కట్టించేది అతను. పెళ్లిలో వంటవాళ్లను, పందిరివాళ్లను, మేళగాళ్లను ఒక్కచోటికి చేర్చి ముహూర్తానికి అన్నీ అందేలా చూసే పెద్దమనిషి లాంటివాడు. అతన్ని దళారీ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. పని తెలిసిన ఏజెంటు ఒక్క రోజు ఆదా చేస్తే ఇరవై టన్నుల పండు దక్కుతుంది. ఓడ కంపెనీ ఉన్నట్టుండి అదనపు చార్జీ వేస్తే ముందు తన జేబులోంచి కట్టేదీ చాలాసార్లు ఆ చిన్న ఏజెంటే.

సమస్య మనిషిలో లేదు, ఏర్పాటులో ఉంది. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు తమ మేలు కోసం ఎప్పుడో సంఘటితమయ్యారు. అంతర్జాతీయంగా ఫార్వర్డర్ల సంఘాల సమాఖ్య ఫియాటా 1926లో వియన్నాలో పుట్టింది. మన దేశంలోనూ వాళ్లకు జాతీయ సమాఖ్య ఉంది. అది తప్పు కాదు. సంఘం పెట్టుకునే హక్కు గురించి రైతు సంఘం ఇంకొకరికి పాఠం చెప్పనక్కరలేదు. కానీ సరుకు సొంతదారుకు జవాబు చెప్పే విషయానికి వస్తే ఈ వ్యాపారం ఇంకా చెల్లాచెదురుగానే ఉంది.

చట్టం ఎలా ఉందో చూడండి. కస్టమ్స్ దగ్గర కాగితాలు నడిపే బ్రోకరుకు 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. రోడ్డు మీద సరుకు మోసే రవాణా సంస్థలకు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రోడ్డు, రైలు, ఓడ కలిపి ఒకే ఒప్పందం మీద సరుకు పంపే ఆపరేటర్లకు 1993 నాటి బహుళ రవాణా చట్టం ఉంది. అదీ ఇక్కడి నుంచి విదేశానికి పోయే సరుకుకే. అనంతపురం నుంచి ఢిల్లీకి లారీలో కొంత దూరం, రైల్లో కొంత దూరం పోయే చీనీకి ఆ చట్టం వర్తించదు. ఈ మూడింటి మధ్య ఉన్న ఖాళీలో ఒక ఫోనూ ఒక బోర్డూ ఉంటే ఎవరైనా ఫార్వర్డింగ్ ఏజెంటే. రేవులో సరుకు పాడైతే లారీవాడు రైలువాణ్ని చూపిస్తాడు, రైలువాడు రేవును చూపిస్తాడు, రేవువాడు ఓడను చూపిస్తాడు.

ఉన్న చట్టాలైనా రైతును కాపాడుతున్నాయా? 1993 చట్టం ప్రకారం సరుకు ఆలస్యంగా చేరినందుకు ఆపరేటరు బాధ్యత ఆ సరుకుకు కట్టాల్సిన కిరాయిని మించదు. ఇనుప సామానుకు ఆ లెక్క సరిపోతుందేమో. పండుకు ఆలస్యం అంటేనే నష్టం. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. చట్టం కాగితం మీద పేరున్నవాణ్నే గుర్తిస్తుంది. ఆ కాగితం మీద ఉండేది ఎగుమతిదారు పేరు. తోట దగ్గరే సరుకు అప్పగించి, డబ్బు కోసం వారాల తరబడి ఎదురుచూసే రైతు ఆ లెక్కలో ఎక్కడా లేడు. నష్టం మోసేది అతను, పరిహారం అడిగే హక్కు మాత్రం ఇంకొకరిది.

రోడ్డు రవాణా సంగతీ అంతే. విలువ ఎక్కువని ముందుగా రాయించి అదనపు రిస్కు చార్జీ కట్టకపోతే, సరుకు పోయినా పాడైనా మామూలుగా ఇచ్చే పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. కిరాయి 12 వేలు అనుకుంటే పరిహారం 1 లక్షా 20 వేలకు మించదు. ఆ లారీలో పది టన్నుల మిర్చి ఉందనుకోండి. క్వింటాలు పది వేలుగా వేసుకున్నా సరుకు విలువ పది లక్షలు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం లేదు. 2021 అక్టోబరులో గతిశక్తి పథకం వచ్చింది. 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానం ప్రకటించారు. 2023-24లో దేశంలో రవాణా, నిల్వ ఖర్చులు కలిపి జీడీపీలో 7.97 శాతమని కేంద్రం 2025లో లెక్క చెప్పింది. అంతకుముందు 13, 14 శాతం అని చెప్పుకొనేవాళ్లు. ఖర్చు తక్కువని తేలితే సంతోషమే. కానీ అది సిమెంటు, బొగ్గు, కార్లు, పండ్లు అన్నీ కలిపిన సగటు. సగటు లోతు మోకాటిదాకే అని నమ్మి ఏట్లో దిగినవాడు మునగడని ఎవరు చెప్పగలరు?

రైళ్ల సంగతి మనకు అనుభవమే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి నవాషేవాకు అరటితో 43 చల్లటి కంటైనర్ల రైలు బయలుదేరినప్పుడు జిల్లా అంతా సంబరపడింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలైంది. పండ్లు, కూరగాయలకు కిరాయిలో సగం రాయితీ ఇచ్చారు. రాయితీ ఉన్నన్నాళ్లూ రైళ్లు కళకళలాడాయి, అది తగ్గాక ఆ సందడీ తగ్గింది. పట్టాలు, వ్యాగన్లు, పథకం అన్నీ ఉన్నా ఊరూరా సరుకు పోగుచేసి, రైలు వేళకు నింపి, అవతలి స్టేషనులో దింపి అమ్మించే బాధ్యత పక్కాగా ఎవరి మీదా లేదు. ఆ పనే ఫార్వర్డింగ్. అది లేని రైలు రాయితీతో నడుస్తుంది, రాయితీతోనే ఆగుతుంది.

దారి మీద బాధ్యత ఒకరి చేతిలో పెడితే ఏమవుతుందో చూడటానికి మన విశాఖ రేవు ఒక ఉదాహరణ. నేపాల్‌కు సముద్రం లేదు. ఆ దేశానికి వచ్చే సరుకు ఏళ్ల తరబడి కోల్‌కతా మీదుగానే పోయేది. 2016లో కుదిరిన ఏర్పాటుతో విశాఖ కూడా నేపాల్‌కు దారి అయింది. అయితే రేవు దొరికినంత మాత్రాన పని సులువు కాలేదు. భారత కస్టమ్స్ దగ్గర కాగితాల బాధ్యత, ఏజెంట్ల ఖర్చు, రేవులో నిలిచిపోతే డెమరేజ్, అన్నీ నేపాల్ దిగుమతిదారు నెత్తినే ఉండేవి. తర్వాత ఎలక్ట్రానిక్ సీలు వేసి, ఓడ కంపెనీయే బీర్‌గంజ్ డ్రైపోర్టు దాకా ఒకే కాగితం మీద సరుకు చేర్చే పద్ధతి వచ్చింది. రేవు అదే, పట్టాలు అవే. మారింది ఒక్కటే, మధ్య దారిలో జవాబు చెప్పేవాడు ఎవరో తేలిపోయింది.

ఒక దేశం ఇంకో దేశంతో మాట్లాడి సాధించుకున్న ఈ మాత్రం భరోసా మన దేశంలో మన రైతుకు ఎందుకు లేదు? తెలంగాణకూ సముద్రం లేదు. నిజామాబాద్ పసుపైనా, వరంగల్ మిర్చి అయినా ఓడ ఎక్కాలంటే ఇంకో రాష్ట్రం రేవుకు పోవాల్సిందే. రేవులున్న ఆంధ్ర రైతు అరటి కూడా ముంబయి దాకా పోతోంది. దారి పొడవు రెండు రాష్ట్రాల రైతులదీ ఒకే కష్టం.

అయితే నిబంధనలు పెంచితే చిన్న ఏజెంట్లు పోయి పెద్ద కంపెనీలే మిగులుతాయని ఒక వాదన ఉంది. ఆ భయం కొట్టిపారేసేది కాదు. ఓడల వ్యాపారం ఇప్పటికే కొద్ది కంపెనీల చేతుల్లో ఉంది. కోవిడ్ తర్వాత కంటైనర్లు దొరకనప్పుడు, 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయినప్పుడు ఓడ కిరాయి ఎవరు నిర్ణయించారో, ఎవరు భరించారో చూశాం. అందుకే మనం అడిగేది కార్పొరేట్లకు తలుపులు తెరిచే లైసెన్సు రాజ్యం కాదు. చిన్న ఏజెంటు కూడా భరించగల ఫీజుతో రిజిస్ట్రేషను, వాళ్ల సంఘాల ద్వారా ఉమ్మడి బీమా, అందరికీ ఒకే బాధ్యత. పోటీ ఉండాలి, దాంతో పాటు పూచీ కూడా ఉండాలి. ఖర్చు తగ్గింపు పేరుతో లారీ డ్రైవర్ల నిద్ర మీద, హమాలీల కూలి మీద కోత పెట్టే ఏ ఏర్పాటునూ మన సంఘం ఒప్పుకోదు.

మన డిమాండ్లు ఇవి.

ఒకటి, దేశంలో పంపినా విదేశానికి పంపినా సరుకు పంపే ప్రతి ఫార్వర్డింగ్ ఏజెంటూ ఒకే చట్టం కింద నమోదు కావాలి, పూచీ డబ్బు గానీ బీమా గానీ చూపాలి.

రెండు, పండ్లు, కూరగాయలు, రొయ్యల వంటి పాడయ్యే సరుకుకు తోట నుంచి గమ్యం దాకా ఒకే కాగితం, ఒకే బాధ్యుడు ఉండాలి. ఆలస్యానికి పరిహారం కిరాయిని బట్టి కాక సరుకు విలువను బట్టి ఉండాలి. ఆ పరిహారంలో పండించినవాడి వాటా చట్టంలోనే రాయాలి.

మూడు, కిరాయి, రేవు చార్జీలు, కాగితాల ఖర్చు, డెమరేజ్ విడివిడిగా ప్రకటించాలి. రైతుకు ఇచ్చే పట్టీలో రవాణా పేరుతో ఎంత కోశారో స్పష్టంగా రాయాలి.

నాలుగు, రేవుల్లో, కస్టమ్స్‌లో పాడయ్యే సరుకుకు ముందు వరుస ఇవ్వాలి. డబ్ల్యూటీవోతో మనకు పేచీలు చాలా ఉన్నాయి. అయినా 2017 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో పాడయ్యే సరుకును త్వరగా విడుదల చేయాలని రాసి ఉంది. మన దేశమూ దాన్ని ఆమోదించింది. షరతులు మోయమన్నప్పుడు ఒప్పందాన్ని గుర్తు చేసే ప్రభుత్వం, మేలు చేసే చోటా గుర్తు పెట్టుకోవాలి.

ఐదు, రవాణా విధానాలు నిర్ణయించే జాతీయ, రాష్ట్ర కమిటీల్లో రైతు సంఘాలకు స్థానం ఇవ్వాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మహారాష్ట్రలో ద్రాక్ష రైతుల సహకార సంఘాలు 1991లో మహాగ్రేప్స్‌గా కలిసి, కోసిన పండును వెంటనే చల్లబరచడం నుంచి కంటైనర్ నింపి పంపడం దాకా ఉమ్మడిగా చేసుకున్నాయి. ఒక్క రైతు సరుకుకు ఏజెంటు దగ్గర బేరం ఉండదు, కంటైనర్ నిండే సరుకుకు ఉంటుంది. కేంద్రం 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెడతామంది. మన మండలాల్లో ఉన్నవి ఎరువులు, విత్తనాల అమ్మకంతో ఆగకుండా సరుకు పోగుచేసి, కాగితం మీద తమ పేరు రాయించుకునే దాకా ఎదగాలి.

ప్రతి సభ్యుడూ ఇప్పటి నుంచే చేయగలిగింది కూడా ఉంది. లారీకి సరుకు ఎత్తేటప్పుడు రసీదు తీసుకోండి, అందులో బరువుతో పాటు విలువ కూడా రాయించండి. లోడు ఎత్తేటప్పుడు, దింపేటప్పుడు ఫోటోలు తీసి పెట్టుకోండి. సరుకు దెబ్బతింటే మాటలతో సర్దుకోకుండా బుకింగ్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రవాణా సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఆ గడువు దాటితే రోడ్డు రవాణా చట్టం కింద దావా వేయడానికి వీలుండదు. నోటీసు రాయడం తెలియకపోతే మండల సంఘం కార్యాలయానికి రండి, కలిసి రాద్దాం. అలాంటి నోటీసులు, పట్టీల నకళ్లు మండలాలవారీగా పోగుచేద్దాం. రేపు ప్రభుత్వం ముందు మన మాటకు బలం అవే.

విత్తనం నుంచి కోత దాకా ప్రతి నష్టానికీ రైతే పూచీ పడుతున్నాడు. కోత తర్వాత దారికి కూడా అతన్నే పూచీ పడమనడం అన్యాయం. సరుకు మీద చేయి వేసి లాభం తీసుకునే ప్రతివాడూ దాని బాధ్యత మీద కూడా చేయి వేసే రోజు దాకా మన పోరాటం పొలంతో ఆగదు, రేవు దాకా సాగుతుంది.