గట్టి బ్రష్షుతో పోయేది మరక కాదు

మొన్న సరుకుల చీటీలో 'బ్రష్షులు నాలుగు, మెత్తవి' అని రాసిస్తే మా ఆయన గట్టివి పట్టుకొచ్చారు. పైగా "మెత్తవాటితో పళ్లు తోముకున్నట్టే ఉండదు" అన్నారు. చాలా ఇళ్లల్లో ఇదే మాట. మాడిన గిన్నెని పీచుతో తోమినట్టు పళ్లని కూడా బరబరా రుద్దితేనే శుభ్రమని మన నమ్మకం.

ఆ నమ్మకం ఎంత చేటో మా తోడికోడలిని చూశాకే నాకు తెలిసింది. తనది ఉదయగిరి వైపు పల్లె. పెళ్లయి ఈ సముద్రపు ఒడ్డుకి వచ్చిన కొత్తలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది. పళ్ల మీద గోధుమరంగు చారలు. "ఈ పిల్ల పళ్లు తోముకోదా ఏంటి?" అని చుట్టాలు ఒకరిద్దరు తనకి వినబడేలాగే అన్నారు. పాపం, ఆ రోజు నుంచి పూటపూటకీ గట్టి బ్రష్షు, గరుకు పళ్లపొడి. చారలు అలాగే ఉన్నాయి. చిగుళ్లు మాత్రం తగ్గిపోయి పళ్ల మొదళ్లు బయటపడ్డాయి. ఇప్పుడు చల్లటి మజ్జిగ తాగినా "జివ్వుమంటోంది అక్కా" అంటుంది.

ఆ చారలు మురికి కాదు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల వచ్చినవి. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పైపొరలో ఏర్పడతాయి. బయటి నుంచి ఎంత రుద్దినా పోవు. ఇది మన జిల్లాకి కొత్త సంగతీ కాదు. నెల్లూరు జిల్లాలోని ఈ ఫ్లోరోసిస్ గురించి 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు వైద్య పత్రికలో రాశారు. నీళ్ల తప్పుకి ఆడపిల్లని నిందించడం ఏం న్యాయం? ఆ చారలు కనబడకుండా చేసే పద్ధతులు పళ్ల డాక్టర్ల దగ్గర ఉన్నాయి. ఆ పని బ్రష్షుది కాదు.

బ్రష్షు పని పళ్లకీ చిగుళ్లకీ మధ్య పేరుకునే మెత్తటి పాచిని తీయడమే. దానికి మెత్తటి కుచ్చు, వెనక దంతాల దాకా అందే చిన్న తల ఉంటే చాలు. చిగురు అంచున కాస్త ఏటవాలుగా పెట్టి, రెండు నిమిషాలు నెమ్మదిగా, పొద్దునా రాత్రీ తోముకోవాలి. రక్తం కనబడగానే తోమడం మానేస్తాం చూడండి, అది పొరపాటు. పాచి వల్లే చిగుళ్లు వాచి రక్తం వస్తుంది చాలాసార్లు. మెత్తగా తోముతూనే ఉండాలి. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి.

మూడు నాలుగు నెలలకోసారి బ్రష్షు మార్చాలి. కుచ్చు అంతకుముందే విచ్చుకుపోయిందంటే మనం గట్టిగా రుద్దుతున్నామని అర్థం. మన తీరంలో గాలే తేమ. మూత పెడితే బ్రష్షు ఆరదు. తల పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి బఠాణీ గింజంత పేస్టు చాలు, అంతకంటే చిన్నవాళ్లకి బియ్యపు గింజంత. మింగకుండా దగ్గరుండి చూసుకోవాలి.

ఇంట్లో అందరి పళ్లూ పట్టించుకుంటాం, మన నొప్పి మాత్రం లవంగం ముక్కతో సరిపెట్టుకుంటాం. అదీ మారాలి. ఆ గట్టి బ్రష్షులు కొట్లో తిరిగిచ్చి మెత్తవి ఐదు తెచ్చాను. నాలుగు మాకు, ఐదోది మా తోడికోడలికి. వచ్చే వారం తనని పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.