వీడియో చూసొస్తే కాలిక్యులస్ వస్తుందా?

ఇంటర్ పిల్లలు గణితంలో వెనకబడ్డారనగానే ఈమధ్య చాలామంది చెప్పే మందు ఒకటే: ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. పాఠం ఇంటిదగ్గర వీడియోలో చూసి రావాలి, తరగతిలో లెక్కలు చేయాలి. ఫోన్ లేని ఇల్లెక్కడుందని ఎదురు ప్రశ్న కూడా సిద్ధంగా ఉంటుంది. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి బస్సెక్కి కాలేజీకి వచ్చే పిల్లల సంగతి తెలిసినవాళ్లు ఈ మాటకు తలూపలేరు. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ వాదనలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని వదిలేసి మిగతా సగాన్ని మన నెత్తిన రుద్దుతున్నారు.

ముందు ఆ నిజం చూద్దాం. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు హైస్కూలు కెమిస్ట్రీ టీచర్లు, తరగతికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. పిల్లలకు టీచరు అవసరం పాఠం వినేటప్పటికన్నా లెక్క మధ్యలో చిక్కుకుపోయినప్పుడే ఎక్కువని వాళ్లకు అర్థమైంది. అంతకు చాలా ముందే, 1990ల్లో, హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ పిల్లల్ని పుస్తకం చదివి రమ్మని, తరగతిలో ప్రశ్న వేసి, పక్కవాళ్లతో వాదించుకోమనేవాడు. ఆయనకు వీడియోతో పనే పడలేదు. అసలు సరుకు టీచరు ఎదుట గడిపే సమయం. మనవాళ్లు మాత్రం వీడియోను పట్టుకుని వేలాడుతున్నారు.

ఇక ఇల్లు. పశ్చిమ కర్నూలులో సుగ్గి అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వానలు మొహం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడం పనులకు కదిలిపోతాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మానాన్నలతోపాటే పోతుంది. కాలేజీ పిల్ల అవ్వ దగ్గర ఉండి తమ్ముడికి అన్నం పెడుతుంది. ఎమ్మిగనూరు చేనేత ఇంట్లో మగ్గానికే చోటు చాలదు. అక్కడ చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అవధుల పాఠం వినమంటామా? ఆదోనిలో ఇంట్లో ఉర్దూ, కన్నడ మాట్లాడే పిల్లలు తెలుగులోనే తంటాలు పడుతుంటే, ఇంగ్లీషు వీడియో లింకు పంపి చేతులు దులుపుకుంటామా?

ఇలాంటి ప్రయోగం మన రాష్ట్రం ఒకసారి చూసింది. 2022 డిసెంబరు 21 నుంచి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచారు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. కంపెనీ ఉన్నా పోయినా, ట్యాబ్‌లో పాఠం ఉండటం వేరు, అర్థంకాని చోట వేలు పెట్టి చూపించే మనిషి ఉండటం వేరు.

వీడియోవాదులు అసలే ముట్టుకోని విషయం పరీక్ష. ఇంటర్ మొదటి ఏడాది గణితంలో ఏళ్ల తరబడి నడిచిన 1బి పేపరు చూడండి. ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తే ఐదు రాయాల్సి ఉండేది. వాటిలో నాలుగు సరళరేఖలు, రేఖాయుగ్మాలు, దిక్ కొసైన్‌ల నుంచే వచ్చేవి. అంటే కాలిక్యులస్‌ను దాదాపు వదిలేసి కూడా గట్టెక్కగలిగేవాళ్లు. కాలిక్యులస్ రాసేవాళ్లకూ ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితా సరిపోయేది. 80, 30 సెంటీమీటర్ల రేకు నాలుగు మూలల్లో చదరాలు కత్తిరించి, మూత లేని పెట్టె చేస్తే ఘనపరిమాణం ఎప్పుడు గరిష్ఠమన్నది ఆ జాబితాలోని పాత కాపు. కత్తిరించే చదరం భుజానికి జవాబుగా 30, 20/3 వస్తాయి. 30 అసాధ్యమని రాసి 20/3 కింద గీత కొడతారు. ఎందుకు అసాధ్యమని అడిగితే నోట్సులో అలాగే ఉందంటారు. కాగితం ఇచ్చి కత్తిరించమనండి. ముప్పై వెడల్పులో రెండువైపులా ముప్పై చొప్పున తీయబోతే చేతిలో కాగితమే లేదని నిమిషంలో తెలిసిపోతుంది.

ఫోన్ లేకుండానే చేయగలిగిన ఏర్పాటు ఇది. యాభై నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు పుస్తకంలో ఒక పేజీ అక్కడే మౌనంగా చదవాలి, రెండు చిన్న ప్రశ్నలకు జవాబు రాయాలి. తర్వాత అరగంట నలుగురేసి కూర్చుని లెక్కలు చేయాలి. టీచరు బల్లల మధ్య తిరగాలి. చివరి పది నిమిషాలు పిల్లలే బోర్డు మీద చేసి చూపాలి. వారానికి ఒక చిన్న పరీక్ష, ఒకే లెక్క, అంకెలు మార్చి. 45, 24 సెంటీమీటర్ల రేకు ఇవ్వండి. 18, 5 వస్తాయి. 18ని ఎందుకు కొట్టేశారో ఒక వాక్యంలో రాయమనండి. రెండు మార్కులు జవాబుకు, మూడు ఆ వాక్యానికి. తప్పినవాళ్లు వచ్చే వారం అలాంటిదే మళ్లీ రాయాలి, రెండోసారి వచ్చిన మార్కులే లెక్కలోకి రావాలి. ర్యాంకుల జాబితా గోడకెక్కకూడదు.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. ఇప్పుడు పూర్తవుతున్నది టీచరు డైరీలో. పిల్లల తలలో ఎంత పూర్తయిందో ఎవరు చూశారు? అసలు కష్టం వేరేచోట ఉంది. 2025-26 నుంచి మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వచ్చింది, ఏ, బీ పేపర్లు కలిసి నూరు మార్కుల ఒకే పేపరైంది. ఆ పుస్తకంలో అవధులు, అవకలజాలు పద్నాలుగు అధ్యాయాల్లో పన్నెండోది. వరుసగా పోతే అది వచ్చేసరికి ఊళ్లు సుగ్గిలో ఉంటాయి, కాలేజీలో రివిజన్ హడావుడి నడుస్తుంటుంది. ప్రమేయాలు, త్రికోణమితి, ద్విపద సిద్ధాంతం కాగానే దాన్ని ముందుకు జరపండి. అధ్యాయం వరుస మార్చడానికి సర్వర్ అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు.

ఈఏపీసెట్ సంగతేమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితమే. అంత వేగం షార్ట్‌కట్ల వల్ల వస్తుందనుకోవడం భ్రమ. 18 ఎందుకు కుదరదో తెలిసినవాడు ఆప్షన్ చూడగానే దాన్ని కొట్టేస్తాడు. తెలియనివాడు రెండింటి మధ్య ఊగుతాడు.

గణితం అధ్యాపకులకు ఒక్క మాట: మీ వచ్చే పీరియడ్‌లో పాఠం చెప్పే సమయాన్ని పది నిమిషాలు తగ్గించి, ఆ పది నిమిషాలు వెనక బెంచీ పక్కన నిలబడండి. ఇంటర్ బోర్డుకు ఇంకొక మాట: కారణం రాయమనే ప్రశ్న నూరు మార్కుల పేపరులో ఒక్కటైనా తప్పనిసరి చేయండి. పరీక్షలో అడగనిది తరగతిలో జరగదు. ఎన్ని వీడియోలు పంపినా జరగదు.