పదిహేడేళ్ల పిల్లల మెయిళ్ల మీద నిఘా ఎందుకు?



ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే మా ఇబ్రహీంపట్నంలో నెట్ సెంటర్లకు ఊపిరాడదు. శేరిగూడ, మంగళ్‌పల్లి చుట్టుపక్కల ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీలే. స్లాట్ బుకింగుకు, ఆప్షన్లు పెట్టుకోవడానికి వచ్చే పిల్లలు మా కంప్యూటర్ల మీదే మెయిళ్లు తెరుస్తారు. కౌన్సెలింగ్ మెయిల్ ఒకటి వెతుకుదామంటే దొరకదు. పైనంతా కాలేజీల ప్రకటనలు, సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల ప్రకటనలు.

ప్రకటన పంపడం తప్పని నేను అనను. సీట్లు నింపుకోవాల్సిన కాలేజీ తన గురించి చెప్పుకోక తప్పదు. కానీ ఆ మెయిల్‌ను పిల్లలు చూశారా, ఎన్ని గంటలకు చూశారు, ఎన్నిసార్లు చూశారు అని వాళ్లకు తెలియకుండా లెక్క రాసుకుంటున్నారు. నా అభ్యంతరం దాని మీద.

ఇది ఎలా జరుగుతుందో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మెయిల్‌లో ఎక్కడో ఒక మూల కంటికి ఆనని బొమ్మ పెడతారు. పొడవు ఒక పిక్సెల్, వెడల్పు ఒక పిక్సెల్, రంగు ఉండదు. అసలు బొమ్మ పంపినవాళ్ల సర్వర్‌లో ఉంటుంది, ఒక్కొక్కరి మెయిల్‌కు ఒక్కో వేరు లింకుతో. మెయిల్ తెరవగానే ఆ బొమ్మ కోసం సర్వర్‌కు కబురు వెళుతుంది. ఫలానా పిల్ల రాత్రి 10.40కి చూసిందని ఆ క్షణమే అక్కడ నమోదైపోతుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి 'షో ఒరిజినల్' నొక్కితే, చాలా మెయిళ్లలో 'విడ్త్ 1, హైట్ 1' అన్న ముక్క, దాని పక్కన బారెడు అక్షరాలూ అంకెలూ కనిపిస్తాయి. ఆ వరసే ఆ పిల్లకు తగిలించిన గుర్తు.

పోయిన కౌన్సెలింగ్ రోజుల్లో ఒకమ్మాయి వాళ్ల నాన్నతో మా సెంటర్‌కు వచ్చింది. ముందు రోజు రాత్రి ఒక కన్సల్టెన్సీ మెయిల్ తెరిచి చూసిందట. తెల్లారేసరికి తండ్రికి ఫోన్: "మీ పాప మా మెయిల్ చూసింది కద సార్, బీ కేటగిరీ సీట్లు అయిపోతున్నయ్, అడ్వాన్స్ కట్టేయండి." ఆయన కూతురి మీద కేకలేశాడు, ఎవరికి ఏం మాటిచ్చావని. ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పలేదు. చదివింది, అంతే. నా ఎదుటే కళ్ల నీళ్లు పెట్టుకుంది.

రిజిస్టర్డ్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చినప్పుడు మనం చూసి, తెలిసి, సంతకం పెట్టేవాళ్లం. ఇక్కడ మన సంతకం మనకు తెలియకుండానే పడిపోతోంది.

అందరూ చేసేదే కదా అంటారు. పత్రికల వాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాను. 2006లో అమెరికాలో హెచ్‌పీ కంపెనీ దర్యాప్తుదారులు, బోర్డు రహస్యాలు ఎవరు బయటపెడుతున్నారో పట్టుకోవడానికి సీనెట్ వార్తా సైటు విలేకరికి మారుపేరుతో ఇలాంటి నిఘా మెయిలే పంపారు. గొడవ బయటపడి బోర్డు అధ్యక్షురాలు ప్యాట్రీషియా డన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. విలేకరి మీద ప్రయోగిస్తే కుంభకోణంలో భాగమైన పని, ఇంటర్ పిల్లల మీద ప్రయోగిస్తే మార్కెటింగ్ ఎలా అవుతుంది?

పైగా ఈ లెక్క నమ్మదగ్గదీ కాదు. జీమెయిల్ 2013 చివరి నుంచి బొమ్మలను తన సర్వర్ల మీదుగా తెప్పిస్తోంది, కాబట్టి చదివినవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆపిల్ 2021లో తెచ్చిన మెయిల్ ప్రైవసీ ఏర్పాటు పెట్టుకున్నవాళ్లకైతే, చదివినా చదవకపోయినా బొమ్మ ముందే దిగిపోతుంది. ఇలాంటి అంకెల కోసం డబ్బు పోసే కాలేజీ యాజమాన్యాలు ఒకసారి ఆలోచించాలి. ఆసక్తి ఉన్న పిల్లలు జవాబు రాస్తారు, ఫోన్ చేస్తారు, గేటు దాకా వస్తారు.

చట్టం ఏమంటోంది? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అందులో 9వ సెక్షన్ 18 ఏళ్లు నిండని పిల్లలను ట్రాక్ చేయకూడదని, వాళ్ల మీదికి గురిపెట్టిన ప్రకటనలు పంపకూడదని చెబుతోంది. ఉల్లంఘిస్తే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉంటుంది. విద్యాసంస్థలకు నిబంధనల్లో కొంత మినహాయింపు ఉన్న మాట నిజమే. అది వాళ్ల చదువు కార్యక్రమాలకు, చేరిన పిల్లల భద్రతకు ఇచ్చింది. ఇంకా చేరని పిల్లలకు సీటు అమ్ముకోవడానికి కాదు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, ఈ బాధ్యతలు అమల్లోకి వచ్చేది 2027 మేలో. ఈలోగా జరిగే కౌన్సెలింగుల పిల్లల సంగతేమిటి? అక్కర్లేని ప్రకటనల మీద 1909 నంబరుకు ఫిర్యాదు చేద్దామంటే అది కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకే. మెయిళ్లు దాని పరిధిలో లేవు.

అందుకే మా చుట్టుపక్కల కాలేజీల యాజమాన్యాలను కోరుతున్నాను. మెయిళ్లు పంపే ఏజెన్సీకి చెప్పి ఈ ట్రాకింగ్‌ను ఇప్పుడే ఆపించండి. చాలా సాఫ్ట్‌వేర్లలో అదొక టిక్కు తీసేసే పని. పెద్దవాళ్ల విషయంలోనైనా ముందు తెలుగులో అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. ఉన్నత విద్యామండలి కూడా ఎప్‌సెట్ నోటిఫికేషన్‌తో పాటే ఈ మేరకు కాలేజీలకు సూచన ఇవ్వాలి.

తల్లిదండ్రులు ఈలోగా చేయగలిగింది ఒకటుంది. పిల్లల జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఇమేజెస్ దగ్గరికి వెళ్లి, బయటి బొమ్మలు చూపించే ముందు అడగమనే ఆప్షన్ పెట్టండి. మా సెంటర్‌కు వచ్చినవాళ్లకు డబ్బులు తీసుకోకుండా నేనే పెట్టి పంపిస్తున్నాను. మిగతా నెట్ సెంటర్ల అన్నలు, తమ్ముళ్లు కూడా పెట్టి పంపాలని మనవి.

— ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా