‘మన’ అనకపోతే ద్రోహులేనా?



యుద్ధం వచ్చిందంటే పాలకులకు ఇద్దరు శత్రువులు కనబడతారు. సరిహద్దు అవతల తుపాకి పట్టినవాడు ఒకడు, ఇంట్లోనే కలం పట్టినవాడు ఇంకొకడు. మొదటివాడితో ఏదో ఒకరోజు సంధి చేసుకుంటారు. రెండోవాణ్ణి మాత్రం క్షమించరు. 1982 నాటి ఫాక్లాండ్స్ యుద్ధమే ఇందుకు సాక్ష్యం.

ఆ ఏడాది మనకు వేరే కారణంగా గుర్తు. జనవరి 18న ముంబైలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగిన ఏడాది అది. మిల్లుల సాంచాలు ఆగిపోయి ఉన్న ఆ ఎండాకాలంలోనే, ఏప్రిల్ 2న, అర్జెంటీనా సైనిక నియంతలు దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఫాక్లాండ్ దీవులను ఆక్రమించారు. ప్రధాని థాచర్ యుద్ధనౌకలను పంపింది. జూన్ 14న అర్జెంటీనా సేనలు లొంగిపోయేసరికి 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటిష్ సైనికులు, ముగ్గురు దీవివాసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ పది వారాల్లో బీబీసీ మీద పాలకులు ఎందుకు విరుచుకుపడ్డారు? ‘మన సేనలు’ అనకుండా ‘బ్రిటిష్ సేనలు’ అన్నందుకు! ఇరుపక్షాల ప్రకటనలనూ పక్కపక్కన పెట్టి, బ్రిటన్ చెప్పేది నమ్మితే లెక్క ఇదీ అని పీటర్ స్నో అనే వ్యాఖ్యాత అన్నందుకు పాలకపక్ష సభ్యుడొకడు అది దాదాపు ద్రోహమేనన్నాడు. మే 6న థాచర్ స్వయంగా పార్లమెంటులో నిలబడి, కొన్ని కార్యక్రమాల్లో దేశం తరఫు వాదన గట్టిగా వినిపించడం లేదని నిష్ఠూరమాడింది. మర్నాడే ‘సన్’ పత్రిక తోటి పత్రికల మీదే ద్రోహ ముద్ర వేసింది. మే 10న ‘పనోరమా’ కార్యక్రమం పాలకపక్షంలోనే యుద్ధంపై అనుమానాలున్న సభ్యులను మాట్లాడించింది. రెండు రోజులకల్లా బీబీసీ అధ్యక్షుణ్ణి పాలకపక్ష ఎంపీల సమావేశంలో నిలబెట్టి దులిపేశారు.

ఇంతకూ ఇందులో అబద్ధం ఏది? అది మాత్రం ఎవరూ చూపలేదు.

అబద్ధం వేరే చోట ఉంది. మే 2న బ్రిటిష్ జలాంతర్గామి ‘బెల్‌గ్రానో’ అనే అర్జెంటీనా నౌకను ముంచేసింది. 323 మంది చనిపోయారు. ఆ నౌక మన దళం మీదికి వస్తోందని రక్షణ మంత్రి జాన్ నాట్ పార్లమెంటుకు చెప్పాడు. నిజానికి అది బ్రిటన్ గీసిన 200 మైళ్ల నిషేధిత వలయానికి బయట, తన తీరంవైపు వెనక్కి పోతోంది. ఆ కాగితాలను 1984లో ఒక ఎంపీకి అందించిన అధికారి క్లైవ్ పాంటింగ్‌ను బోనెక్కించారు. 1985 ఫిబ్రవరిలో జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది. సామాన్య జనం నుంచి వచ్చిన ఆ జ్యూరీకి తెలిసిన న్యాయం సర్కారుకు తెలియలేదు!

ఫోల్డింగ్ ఖాతాలో తానును పరిచి, ఇదిగో ఇక్కడ పోగు తెగిందని వేలు పెట్టి చూపేవాడు ఉంటాడు. పోగు తెంపింది వాడేనని ఎవరైనా అంటారా? తప్పు చూపినవాణ్ణి గెంటేస్తే గుడ్డ బాగుపడుతుందా?

యుద్ధంలో రహస్యాలు ఉండవా అని కొందరు అడుగుతారు. ఉంటాయి. నౌకలతో వెళ్లిన విలేకరులందరూ బ్రిటిష్ వాళ్లే, వాళ్ల వార్తలన్నీ సెన్సారు దాటి వచ్చినవే. ఎన్ని విమానాలు లేచాయో చెప్పకూడదన్నారు. బీబీసీ విలేకరి బ్రయన్ హన్రహాన్ ఆ సంఖ్య చెప్పలేదు. వెళ్లేటప్పుడు అన్నీ లెక్కపెట్టాను, వచ్చేటప్పుడు అన్నీ లెక్కపెట్టాను అన్నాడు. రహస్యం దాగింది, నిజమూ బతికింది. గూస్ గ్రీన్ దాడికి ముందే సేనల కదలిక రేడియోలో వచ్చేసిందని సైనికులు మండిపడ్డారు, సబబే. కానీ అది యుద్ధరంగంలోని విలేకరి పంపిన వార్త కాదు, లండన్‌లో పొక్కిన వార్త.

మరి ‘మన’ అని మాత్రమే రాసే పత్రికలున్న చోట ఏమైంది? అర్జెంటీనాలో చివరిదాకా గెలుస్తున్నామనే చెప్పారు. జనం నమ్మారు. ఒక్క రోజులో ఓటమి వార్త పిడుగులా పడింది. ఆ కోపానికి నియంత గాల్టియేరీ వారం తిరక్కుండానే గద్దె దిగాడు. నిజాన్ని దాచి దేశాన్ని కాపాడామన్నవాళ్లు తమ గద్దెనే కాపాడుకోలేకపోయారు.

యుద్ధానికి పోయేది మంత్రుల బిడ్డలు కాదు, పేదల బిడ్డలు. శవపేటిక వచ్చేది మన వాడకే. అందుకే ఎందుకు, ఎంతమంది, ఎవరి మాట మీద అని అడిగే హక్కు అందరికన్నా ముందు మనది. ఆ ప్రశ్నలు మన తరఫున అడిగేవాడే విలేకరి.

కాబట్టి సోదరులారా, ఏ దేశంలోనైనా, ఏ సర్కారైనా విలేకరి వైపు వేలెత్తి ‘వీడు ఎవరి పక్షం?’ అని అరిచినప్పుడు, ఆ కేకలో మనమూ గొంతు కలపకూడదు. తిరిగి ఒక్క ప్రశ్న వేయాలి: ‘వాడు రాసిన దాంట్లో అబద్ధం ఏదో చూపండి!’