అడుగున సంతకం లేని జాడీ

విశాఖలో ఒక పెద్దమనిషి తన గాజు బీరువా తెరిచి, 1950ల నాటి జపాన్ పింగాణీ చూపించారు. ఒక్కో గిన్నెనీ తిరగేసి, అడుగున ఉన్న కళాకారుడి సంతకం చూపిస్తూ, "ఇది లేకపోతే పెంకుతో సమానమమ్మా" అన్నారు.

నాకు భోగాపురం దగ్గర మరడపాలెంలో ఉండే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. విమానాశ్రయం కోసం ఊరు ఖాళీ చేసినప్పుడు ఆవిడ ముందుగా పాతచీరలో చుట్టి ఎత్తుకున్నది ఊరగాయ జాడీనే. "ఎవరు చేశారు పెద్దమ్మా?" అంటే, "ఏటోనమ్మా! మాయమ్మ ఇచ్చింది. సేసినోడి పేరు నాకేటి తెలుసు?" అంది. నష్టపరిహారం లెక్కల్లో గోడలుంటాయి, చెట్లుంటాయి. ఏటా ఆ జాడీ నింపిన చాకిరీ ఏ లెక్కలోకి వస్తుంది?

సరే, సంతకాల సంగతే చూద్దాం. జపాన్ స్టూడియో పింగాణీలో పెద్ద పేరు తొమిమొతో కెంకిచి. 1955లో అక్కడి ప్రభుత్వం 'సజీవ జాతీయ నిధులు'గా గుర్తించిన తొలి కళాకారుల్లో ఒకరు. మరి ఆయన భార్య కజుయే? హిరత్సుక రైచో 1911లో మొదలుపెట్టిన స్త్రీల పత్రిక 'సెయితో'లో చేరి, 1912లో దానికి ముఖచిత్రం వేసిన స్త్రీవాది. 1914లో ఇద్దరికీ పెళ్ళయింది. 1946లో ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. ఆ ముప్పైరెండేళ్ళ ఆమె జీవితం ఏ గిన్నె అడుగున రాసి ఉంది?

ఆడవాళ్ళకి చేతకాక సంతకాలు లేవనుకుందామా? జపాన్‌లో చాలాచోట్ల ఆవం దగ్గరికి ఆడమనిషి వస్తే మైల అన్నారు. మన కుమ్మరి ఇళ్ళల్లో మట్టి తెచ్చి, తొక్కి, కుండలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మడానికి ఆడవాళ్ళు కావాలి. సారె మాత్రం మగవాడిది. చెయ్యనివ్వకుండా చేసి, తర్వాత సంతకమేదీ అని అడగడం ఏం న్యాయం? 1957లో త్సుబొయి అసుక క్యోటోలో స్త్రీ కళాకారులకు వేరే సంఘం పెట్టింది ఊరికే కాదు.

పింగాణీ సేకరించొద్దని నేననను. చేసినవారి పేరు పక్కన మట్టి పిసికినవారు, రంగులద్దినవారు, వాడి కాపాడినవారు కూడా ఆ చీటీ మీదకి రావాలంటాను. ఆ తప్పు సేకర్తలదేనా? అమ్మల వంటిళ్ళ గురించి ఇన్ని కథలు రాసిన మనం, ఒక్క జాడీ చరిత్రయినా అడిగి రాసుకున్నామా?

ఈ పండక్కి వెళ్ళినప్పుడు పెద్దమ్మ జాడీ కథ ఆవిడ చెప్పినట్టే రాసుకొస్తాను. మీ ఇళ్ళల్లోవి మీరూ రాయండి.