తలల లెక్క

ఉన్నవాడికే ముందు వడ్డన అనే రూలు పెళ్ళి పంక్తుల్లో చూశాం గానీ, బడి గోడలక్కూడా అదే రూలని 2022లో తెలిసింది. తెలంగాణలో 'మన ఊరు, మన బడి' అన్నారు. మొత్తం 26,065 బళ్ళు, 7,289 కోట్లు. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, కరెంటు, బెంచీలు, ప్రహరీ గోడ, వంటషెడ్డు, ఇలా పన్నెండు రకాల పనులు. సంతోషం, ఎవరు కాదంటారు? కానీ మొదటి విడతకి 9,123 బళ్ళని ఎలా ఏరారంటే, పిల్లలు ఎక్కువున్నవి ముందట!

'ఎక్కువమందికి మేలు కదండీ' అంటారు. నిజమే. మరి ఇరవైమందే మిగిలిన బడిలో పిల్లలెందుకు తగ్గారు స్వామీ? కప్పు కారుతోందని, ఆడపిల్లకి మరుగుదొడ్డి లేదని, నాలుగు డబ్బులున్న తండ్రి తన పిల్లల్ని ప్రైవేటు స్కూలు బస్సెక్కించాడు. ఆ బస్సు చార్జీ ఇచ్చుకోలేని కూలివాళ్ళ పిల్లలు మిగిలారు. వాళ్ళతో 'మీరు కొద్దిమందే, తర్వాత రండి' అంటే, ఆ తర్వాతకి ఇంకా కొద్దిమందవుతారు. అప్పుడు బడే ఎత్తేయొచ్చు. ఖర్చు కలిసొస్తుంది!

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలొచ్చాయి. బోర్డు మీద పేరు ఏదైతేనేం? ఏ కప్పు ఎక్కువ కారుతోందో ముందు చూడండి. తలలు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.