గొలుసుకు ఎంత వదులు కావాలి?

పిల్లలూ! మీ సైకిలు చైను ఎప్పుడైనా పడిపోయిందా? చిన్నప్పుడు నా సైకిలు చైను రోజుకొకసారైనా పడేది. ఒకనాడు నాకు విసుగెత్తి, వెనక చక్రాన్ని బలంకొద్దీ వెనక్కు లాగి, నట్లు బిగించేశాను. చైను పడలేదు కాని, సైకిలు తొక్కటం నా తరం కాలేదు! సైకిలు షాపు తాత చూసి, "దాన్ని కాస్త ఊపిరాడనియ్యరా, అబ్బాయ్!" అని నవ్వాడు.

ఆ తాత మాట పందెపు కార్లకు కూడా వర్తిస్తుంది. అన్నిటికీ కాదు, కార్టు అనే బుల్లి కారుకు.

మొదటి కార్టును 1956లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన తయారుచేశాడు. పెద్ద పందెపు కార్లు తయారుచేయటం ఆయన వృత్తి. ఇనప గొట్టాల చట్రం, పచ్చిక కోసే యంత్రానికి వాడే చిన్న ఇంజను, నాలుగు బుల్లి చక్రాలు, అంతే! తలుపులు లేవు, పైకప్పు లేదు, కుదుపు తెలియకుండా చేసే స్ప్రింగులు కూడా లేవు.

కార్టులో ఇంజను దగ్గర చిన్న పళ్ళచక్రం, వెనక ఇరుసు మీద పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. రెంటినీ కలిపేది గొలుసు. చిన్నదానికి 12 పళ్ళు, పెద్దదానికి 60 పళ్ళు ఉన్నాయనుకోండి. చిన్నది 5 చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది గనక ఆ గొలుసు పడే పాటు మీరే ఊహించుకోండి.

గొలుసు మరీ బిగువుగా ఉంటే ఇంజను శక్తి కొంత ఒరిపిడికే పోతుంది. గొలుసు వేడెక్కుతుంది, బేరింగులు అరిగిపోతాయి. పైగా స్ప్రింగులు లేవు గనక గతుకు తగిలితే చట్రమే కాస్త వంగుతుంది. అప్పుడు బిగువు ఇంకా పెరిగి గొలుసు తెగనూవచ్చు. మరీ వదులైతే, పళ్ళ మీంచి జారిపోతుంది. పందెం మధ్యలో బండి ఆగిపోయిందంటే, వెనక నుంచి దూసుకువచ్చే బండ్లతో ప్రమాదం!

మరి ఎంత వదులుండాలి? గొలుసు నడిమి భాగాన్ని పైకీ కిందికీ కదిపితే మొత్తం మీద సుమారు అర అంగుళం ఆడాలి. ఇంజను ఆపి, ప్లగ్గు తీగ ఊడదీసిన తరువాతనే గొలుసు మీద చెయ్యి వెయ్యాలి. తిరిగే గొలుసుకు వేలు అందితే ఇక అంతే! ఈ పని పెద్దవాళ్ళు పక్కన ఉండగానే చెయ్యాలి.

ఇంతటితో అయిపోలేదు. ఏ పళ్ళచక్రమూ అచ్చంగా గుండ్రంగా ఉండదు. ఇరుసును చేత్తో మెల్లిగా తిప్పుతూ చూస్తే, గొలుసు ఒకచోట వదులుగానూ, మరొకచోట బిగువుగానూ ఉంటుంది. అర అంగుళం ఆట అన్నిటికంటె బిగువుగా ఉన్నచోట ఉండాలి. వదులుగా ఉన్నచోట చూసి సరిపెట్టుకుంటే, అర చుట్టు తిరిగేసరికి గొలుసు తీగలా బిగుసుకుపోతుంది.

బిగువు మార్చాలంటే ఇంజనును పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి, దాన్ని ముందుకు జరుపుతారు. వదులు కావాలంటే వెనక్కు. రెండు పళ్ళచక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో, తిన్నని బద్ద ఆనించి చూస్తారు. బోల్టులు బిగించేటప్పుడు ఇంజను దొంగచాటుగా కాస్త జరుగుతుంది! అందుకని బిగించాక మళ్ళీ కొలవాలి. ఈ రెండో కొలతకు బద్ధకించి పందెం పోగొట్టుకున్నవాళ్ళు కొల్లలు.

మీ ఇంట్లో గేర్లు లేని సైకిలు ఉంటే నాన్నగారి సాయంతో తలకిందులుగా నిలబెట్టండి. పెడలును కొంచెం తిప్పి, పూర్తిగా ఆపి, చైనును పుల్లతో కదిపి చూడండి. మళ్ళీ కొంచెం తిప్పి మళ్ళీ చూడండి. చైను బాగా బిగిసినప్పుడల్లా, ముందు పళ్ళచక్రం మీద పైకి వచ్చిన పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తులన్నీ ఒకేచోట పడితే, వంకర ఆ చక్రంలోనే ఉన్నదన్నమాట.